గోడలు మేస్త్రీవి, ఇల్లు మనది

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల సీమకు నడిగడ్డ యని పేరు. నూలు చీరకు పట్టంచు కూర్చు ఇచ్చటి నేర్పు నెఱుగని సోదరీమణు లుండరు. మే మీమాఱు చీరలను గాక, వానిని నేయువారి యిండ్లను చూచి వచ్చితిమి.

కోటలో చెన్నకేశవస్వామిని సేవించి నేతవారి వీథికి పోగా, ఒక యిల్లాలు తన క్రొత్తయింటిని చూపినది. పునాది, గోడలు, స్లాబు మేస్త్రీకి గుత్త కిచ్చి, లోపలి పని యంతయు తామే చేసికొనుచున్నారు. పెద్దగదిలో సగము నేలకే గచ్చు చేసిరి. కారణ మడుగగా నవ్వి, "అంతా గచ్చు చేస్తే మగ్గం గుంత యాడ తవ్వాలమ్మా?" అనినది. నేయువాడు కాళ్లు గుంటలో నుంచి త్రొక్కుడు కఱ్ఱలు త్రొక్కవలెను గదా! ప్రక్కయింట ఈ మాట ముందుగా చెప్పనందున మేస్త్రీ నేలంతయు గచ్చు చేసి పోయెనట. దానిని పగులగొట్టించిన కూలి ఇంటివారే యిచ్చుకొనిరి. గుత్త మాటాడునాడు మగవారు రూపాయలను గూర్చియే మాటాడుదురు. గుంట, గూడు, అటక మాట యెత్తవలసినది మనమే.

సంస్థానాధీశుల ప్రాసాదము పాలిటెక్నిక్ కళాశాలగా మారిన వనపర్తిలో ఒకచోట స్లాబునకు ఇనుపకడ్డీలు పఱచుచుండిరి. విద్యుత్తీగల గొట్టములు, పంకా కొక్కెములు, ఉయ్యాల కొక్కెము కాంక్రీటు పోయుటకు ముందే అమర్పవలయును. పిదప తొలిచినచో కప్పునకు చేటు. ఆ యింటి కోడలు నిచ్చెన యెక్కి ఒక్కొక్కటి లెక్కించుకొనుట మాకు మిక్కిలి నచ్చినది.

ఇక ధనము మాట. 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున ఇల్లు స్త్రీ పేరనే మంజూరగును. సాయము 5 లక్షల రూపాయలు. పునాదికి, గోడలకు, స్లాబునకు విడతలుగా వచ్చును, కడపటి విడత ఇల్లు పూర్తియైన పిమ్మట. అనగా తలుపులు, నేల, సున్నము మొదట మన చేతి సొమ్ముతోనే కావలయును. గోడలు లేచినవను సంతోషమున ఉన్నదంతయు మేస్త్రీకే యిచ్చివేసినచో, తలుపులు లేని యింట కాపుర ముండవలసివచ్చును.

నాగర్‌కర్నూలు చేరువ పల్లెలో మేము దిగిన యింట ఆ వరుస చక్కగా తెలిసినది. మొదట మరుగుదొడ్డి, స్నానపు గది, వీథి తలుపు, పిదప వంటగట్టు, ఆ తరువాత షాబాదు బండలు. లోపలి గోడలకు తల్లీకూతుండ్రే సున్నము వేసికొనిరి. కిటికీలకు రంగు లేదేమని యడుగగా, "పల్లీలు అమ్మినంక ఏస్తం" అని గృహిణి మాకు మజ్జిగ తెచ్చి యిచ్చినది.