ఆకుపచ్చ తెమడ

తెమడ రంగు మారితే చాలు, రోగులకు గుండెలు జారిపోతాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లో ఫొటో తీసి మరీ చూపిస్తున్నారు. ‘‘ఇన్ఫెక్షన్ ముదిరింది సార్, స్ట్రాంగు మందు రాయండి’’ అంటారు. ఆ ఆకుపచ్చదనం చాలావరకు సూక్ష్మజీవులది కాదు, మన తెల్ల రక్తకణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముది. ఆగ్నర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1941లో దాన్ని వేరుచేసింది కూడా టీబీ రోగుల ఛాతీలో పట్టిన చీము నుంచే.

కుట్టుమిషను మీద బతికే ఒకావిడకు పెళ్లికి ముందు టీబీ వచ్చి, పూర్తి కోర్సు వాడాక నయమైంది. కానీ ఏళ్లు గడిచినా పొద్దున లేస్తే కప్పు నిండా తెమడ. పరీక్ష చేయిస్తే టీబీ క్రిములు లేవు. సీటీ స్కాన్‌లో మాత్రం ఎడమ ఊపిరితిత్తిలో శ్వాసనాళాలు వెడల్పైపోయి కనిపించాయి. బ్రాంకియెక్టాసిస్. మన దేశంలో దీనికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం పాత టీబీయే.

‘‘టీబీ లేదంటున్నారు, ఊపిరితిత్తి పాడవుతోందంటున్నారు. మరి పాడుచేస్తున్నది ఎవరు సార్?’’ అన్నాడు భర్త. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

పాడుచేస్తున్నవి ఆవిడ సొంత న్యూట్రోఫిల్సే. క్రిములను చంపడానికి వచ్చిన ఈ తెల్లకణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమును వదులుతాయి. అది శ్వాసనాళాల గోడల్లోని సాగే పీచును కోసేస్తుంది. తెమడను పైకి నెట్టే సన్నని నూగును దెబ్బతీస్తుంది, పైగా తెమడ ఇంకా ఊరేలా చేస్తుంది. మరిన్ని న్యూట్రోఫిల్స్‌ను రప్పించే సంకేతాలూ పుట్టిస్తుంది. ఇంతా చేసి, ఆ కణాలు క్రిములను పట్టుకోవడానికి వాడే గ్రాహకాలనే తెంచేస్తుంది. ఇల్లు కాయమని పెట్టిన కాపలావాడు దొంగ పోయాక కూడా తలుపులు విరగ్గొడుతున్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ ఎలాస్టేజ్‌కు పగ్గం మన రక్తంలోనే ఉంది: ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. అది పుట్టుకతోనే కొరవడినవాళ్లకు చిన్న వయసులోనే ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలిగదులు దెబ్బతినే జబ్బు) రావడాన్ని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ గుర్తించారు. బీడీ తాగేవాళ్లు పగ్గం ఉండి కూడా పోగొట్టుకుంటారు. పొగ ఆ ప్రొటీన్‌ను ఆక్సీకరించి పనికిరాకుండా చేస్తుంది. పదిమెట్లు ఎక్కితే ఆయాసపడే వాళ్లకు ఈ మాట చెబితే నవ్వి, బయటికెళ్లి ఇంకొకటి వెలిగిస్తారు.

ఎలాస్టేజ్ లాంటి న్యూట్రోఫిల్ ఎంజైములను అణిచే బ్రెన్సోకాటిబ్ మాత్రకు 2025 ఆగస్టులో అమెరికా అనుమతి దొరికింది. మంచి కబురే. అయితే అది జబ్బును నెమ్మదింపజేసే మందు, వెడల్పైన నాళాన్ని మళ్లీ సన్నబరచదు. ఆవిడకు నేను ముందు రాసింది మాత్ర కాదు, సెలైన్ నెబ్యులైజరు, రోజుకు రెండుసార్లు తెమడను బయటికి తెచ్చే శ్వాస వ్యాయామం. తెమడ నిలవ లేకపోతే ఎంజైమూ నిలవదు. కొన్ని నెలలకు కప్పు సగానికి దిగింది, యాంటీబయాటిక్ అవసరమూ తగ్గింది.

టీబీ తగ్గాక కూడా తెమడ ఆగకపోతే రంగు చూసి మందుల షాపుకు వెళ్లకండి. తెమడ పరీక్ష, సీటీ స్కాన్ చేయించుకోండి, ఫిజియోథెరపిస్టు దగ్గర తెమడ తీసే పద్ధతి నేర్చుకోండి. జ్వరం వచ్చినా, రక్తం పడినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రండి.