నేవా గట్టున... కట్టలేరు గుర్తొచ్చింది!

మా వినగడప వాళ్లకి ఏటి గట్టున పడిగాపులు పడటం కొత్తేం కాదు. వానాకాలంలో కట్టలేరు పొంగిందంటే అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే! సరిగ్గా అదే అవస్థ రష్యా రేవుపట్నం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నాకు రాసిపెట్టి ఉందని ఎవరనుకున్నారు?

2024 జూన్ నెల. అక్కడ మా తమ్ముడికి డాక్టరు పట్టా ఇస్తున్నారు. "నా మోకాళ్లతో అంతదూరం నావల్ల కాదు. మనింటి తరఫున ఒక్కరైనా ఉండాలి, నువ్వెళ్లరా" అన్నారు నాన్న.

వీసాకి తిప్పలు పడలేదు. 2023 ఆగస్టు నుంచి మనవాళ్లకి ఎలక్ట్రానిక్ వీసా ఇస్తున్నారు. తంటా అంతా టిక్కెట్ దగ్గరే! 2022 ఫిబ్రవరిలో యూరప్ దేశాల దారి మూసుకుపోయింది. ఇక గల్ఫ్ మీదుగా వెళ్లాలి, లేదా ఢిల్లీ నుంచి మాస్కోకి. రాత్రిళ్లు మేలుకుని వెతికితే చిక్కింది చిట్కా! ఢిల్లీ నుంచి మాస్కోకి ఒక టిక్కెట్, అక్కణ్ణించి పీటర్స్‌బర్గ్‌కి మరొకటి విడిగా కొంటే చాలా చవక. నా తెలివికి నేనే ఈల వేసుకున్నా.

ఇంటర్వెల్ మలుపు మాస్కోలో! మొదటి విమానం నాలుగు గంటలు లేటు. రెండోది నాకోసం ఆగుతుందా? రెండూ ఒకే టిక్కెట్ మీద ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించేవారు. విడి టిక్కెట్ కదా, డబ్బు గంగలో కలిసింది. పోనీ రైలెక్కుదామని కార్డు తీస్తే అదీ చెల్లలేదు. 2022 మార్చి నుంచి బయటిదేశాల వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచెయ్యవు మరి! వద్దంటున్నా వినకుండా అమ్మ లోజేబులో పెట్టి కుట్టిన డాలర్లే ఆదుకున్నాయి. వాటిని రూబుళ్లు చేసి చివరి సప్సాన్ రైలు పట్టుకున్నా. సుమారు 650 కిలోమీటర్లు, నాలుగు గంటల్లో!

దిగేసరికి అర్ధరాత్రి దాటింది. అయినా ఆకాశంలో సాయంసంధ్య వెలుగు! జూన్‌లో అక్కడివి తెల్లరాత్రులు. తమ్ముడి హాస్టలు నేవా నదికి ఆవల, వసీల్యెవ్‌స్కీ ద్వీపం మీద. గట్టుకి చేరేసరికి ప్యాలెస్ వంతెన రెండు రెక్కలూ పైకి లేచి ఉన్నాయి... ఓడలకి దారిస్తూ! చుట్టూ తిప్పి తీసుకెళ్తానని టాక్సీవాడు చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి.

"అన్నయ్యా, నువ్వక్కడే ఉండు, నేను ఈ గట్టుకొస్తా" అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. వచ్చి చెయ్యూపాడు. నది మీదుగా ఫోన్‌లోనే కబుర్లు! రష్యాలో మొట్టమొదటి సినిమా ఆట 1896లో ఆ ఊళ్లోనే పడిందట. ఆ తోట ఉన్నచోటే ఇప్పుడు లెన్‌ఫిల్మ్ స్టూడియో. "2022 డిసెంబరులో 'పుష్ప' ఆటకి మన బన్నీ వచ్చిన ఊరిది!" అన్నాడు, తానే పిలిపించినంత గర్వంగా.

వంతెన దిగింది. పెట్టె ఈడ్చుకుంటూ నేనిటు నుంచి, వాడటు నుంచి... ఒకటే పరుగు!

ఆ ఉదయం వాడు పట్టా అందుకుంటుంటే అరచేతులు మండేలా చప్పట్లు కొట్టా. నాన్నకి ఫోన్ చేస్తే మొదటి మాట, "ఏరు దాటావా?"

దాటానుగానీ, లెక్కచూస్తే మిగిల్చిన దానికన్నా పోయిందే ఎక్కువ. మీరెళితే ఒకే టిక్కెట్ కొనండి. లోజేబులో డాలర్లు మరవకండి. వంతెన లేచే వేళ కనుక్కోండి!