అమ్మ గది గచ్చు

మా ఊరి ఇల్లు 1968లో తాతయ్య కట్టించింది. వసారా, నడవ, గదులు అన్నీ ఎర్ర గచ్చే. అమ్మ గదిలో మాత్రం ఒకప్పుడు పైపు పగిలి నేలంతా తవ్వాల్సొచ్చింది. పని అయ్యాక ఉత్త సిమెంటు చేసి వదిలేశారు. గడప ఇవతల ఎరుపు, అవతల బూడిద. ఆ గదిని మళ్లీ ఎర్రగా చూడాలని అమ్మ ఏళ్లతరబడి అంటూనే ఉంది. రిటైరయ్యాక ఆ పని నేనే చేస్తానన్నాను.

మేస్త్రి ముందే చెప్పాడు. "నున్నటి పాత గచ్చుకి రంగు పట్టదు మాస్టారూ. గాట్లు కొట్టి పైన కొత్త పొర వెయ్యాలి." ఆ దుమ్ము అమ్మకి పడదు. యాసిడ్‌తో కడిగితే పైన సున్నం కరిగి గరుకెక్కుతుంది, దాని మీద రెడ్ ఆక్సైడ్ కలిపిన సిమెంటు పాలు పూస్తే పట్టుకుంటుందని నేను లెక్కేసుకున్నాను. కొట్లో యాసిడ్ అడిగితే మంచినీళ్ల సీసాలో పోసి ఇచ్చారు. పైన చీటీ లేదు, జాగ్రత్త అన్న మాట లేదు. అలా ఇవ్వడం ఈ రోజుకీ నాకు మింగుడుపడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సీసా ఎవరి చేతికి వెళ్లేదో!

అది కార్తీకమాసం. ఉదయం నుంచీ ముసురు. చలిగాలి తగిలితే అమ్మకి ఆయాసం వస్తుందని కిటికీ మూసేశాను. గోడవారగా తెల్లటి పొడి కనిపించింది. గోడ సున్నం రాలిందనుకున్నాను. పాకుడు పోతుందని ముందు రోజు రాత్రి అమ్మ చల్లిన బ్లీచింగ్ పౌడర్ అది. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

పీట వేసుకుని కూర్చుని మూల నుంచి యాసిడ్ పోస్తూ చీపురుతో రుద్దడం మొదలుపెట్టాను. గచ్చు మీద బుస్సుమని తెల్లటి నురగ లేచింది. అది ఎలాగూ వస్తుందని నాకు తెలుసు. గోడవార మాత్రం నురగ వేరేగా ఉంది. పచ్చటి ఛాయ. ముక్కుకి ఒక ఘాటు తగిలింది. అదేమిటో గుర్తుపట్టేలోపే గొంతు బిగుసుకుపోయింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. దగ్గుతూ ఊపిరి లోపలికి తీసుకున్నానేమో, ఛాతీలో కారం పోసినట్టయింది. లేవబోతే మోకాళ్లు లేవలేదు. క్లోరిన్ గాలికంటే బరువైన వాయువు, నేలనంటుకుని ఉంటుంది. నేను నేల మీదే కూర్చుని ఉన్నాను.

ముప్ఫై ఏళ్లు పదో తరగతికి భౌతిక రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి. పొడి సున్నం మీద క్లోరిన్ పంపితే బ్లీచింగ్ పౌడర్ వస్తుందనీ, దాని మీద ఆమ్లం పడితే ఆ క్లోరినే తిరిగి బయటికొస్తుందనీ బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఇప్ర్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లోకి దిగి సైనికులను చంపింది ఈ వాయువేనని కూడా పిల్లలకి చెప్పాను. అంత తెలిసి కూడా ఆ గోడవార పొడిని వేలితో తాకి చూడలేదు.

దగ్గు విని అమ్మ తలుపు దగ్గరికొచ్చింది. "ఒరేయ్, ఏమైందిరా?" రావద్దని అరవబోయాను, గొంతు పెగల్లేదు. చెయ్యి ఊపాను. పిలుస్తున్నాననుకుంది కాబోలు, లోపలికి వచ్చేసింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నా చొక్కా కాలరు పట్టుకుని గడపదాకా లాగింది. అంతలోనే ఆవిడా ఆ గాలి పీల్చింది. వసారాలో పడిపోయాం ఇద్దరం. పక్కింటి కుర్రాడు పరుగున వచ్చి మా కళ్లు నీళ్లతో కడిగి, ఆటోలో ఎక్కించాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కాస్త తెరిపినపడ్డాక, ఇంటికి వెళ్తామన్నాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. కొన్ని గంటలు గడిచాక కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, రాత్రంతా చూడాలన్నారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పక్క మంచం మీద అమ్మ ఊపిరి ఈల వేస్తున్నట్టు వినిపిస్తోంది. అది ఒక్క క్షణం ఆగితే నేను లేచి కూర్చునేవాణ్ణి. నాది నాకు పట్టలేదు. నాలుగో రోజు ఇంటికి పంపారు. అమ్మ దగ్గు సంక్రాంతిదాకా తగ్గలేదు.

పండగయ్యాక మేస్త్రిని పిలిచాను. పని సాగిన పదిహేను రోజులూ అమ్మని చెల్లెలింట్లో ఉంచాను. యాసిడ్ తిన్న మూల ఇసుక పలుకులు తేలి పుండులా ఉంది. మేస్త్రి మాటైనా అనకుండా నేలంతా గాట్లు కొట్టి, దుమ్ము తుడిచి, నాలుగుసార్లు నీళ్లతో కడిగాడు. 50 కేజీల సిమెంటుకి 5 కేజీలకు మించి ఆక్సైడ్ కలపలేదు, ఎక్కువైతే గచ్చు బలం తగ్గుతుందట. రంగు తేడా రాకూడదని గదికి సరిపడా పొడి ఒకేసారి కలిపి జల్లెడ పట్టాడు. అతుకు కనపడకూడదని పొద్దుట మొదలుపెట్టిన గది చీకటిపడేలోపు ముగించాడు. చివర్లో తాపీ అంచుతో రుద్దుతుంటే మట్టిరంగు కాస్తా నిగనిగలాడే ఎరుపుగా తిరిగింది. ఆ తర్వాత గడపకి బంకమట్టి కట్ట వేసి వారం రోజులు నీళ్లు నిలబెట్టాం. ఆరాక కొబ్బరినూనె రుద్దాం.

అమ్మ తిరిగొచ్చి చెప్పులు విడిచి లోపలికి నడిచింది. గడపకి ఇవతలా అవతలా ఒక్కొక్క పాదం పెట్టి చూసుకుంది. ఏమీ అనలేదు. నేరుగా వెళ్లి కిటికీ రెండు రెక్కలూ తెరిచింది. ఇప్పటికీ ఆ కిటికీ రాత్రిళ్లు మూయనివ్వదు. చలికాలంలో రెండో దుప్పటి కప్పుకుంటుంది.