మామగారి బుల్లెట్టుపై శ్రీకాకుళ యాత్ర

కృష్ణా జిల్లాలో శ్రీకాకుళమను గ్రామ మొకటి కలదు. ఉత్తరాంధ్రమందలి పట్టణము వేఱు. ఇది కృష్ణాతీరమున ఘంటసాలకు సమీపమున నున్న పల్లె, ఆంధ్ర మహావిష్ణువు వెలసిన చోటు. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు కళింగముపైకి దండెత్తి పోవుచు ఇచట విడిసి, ఏకాదశి నుపవసించి, స్వామిని కలలో గాంచి, ఆయన యానతి చొప్పున తెలుగున ఆముక్తమాల్యద రచింప బూనెనని ఆ కావ్యపీఠికయందే కలదు. ఆ పీఠికను నేను పదునాలుగవయేట మా తాతగారి యెదుట కూర్చుండి పదవిభాగముతో చదివితిని. పెండ్లియై ఉయ్యూరు ప్రాంతమునకు వచ్చి పదునైదేండ్లు గడచెను. అయినను రెండు గంటల దూరముననున్న ఆ చోటు చూచి యెఱుగను. ఈ కార్తికమున చూచితిని. నన్నచటికి గొనిపోయినది భక్తియు కాదు, కావ్యమును కాదు. మా సావిడిలో పదునొకండేండ్లు కదలక నిలిచిన యొక మోటారు సైకిలు.

మా మామగారును మావారివలెనే బడిపంతులు. 1976వ సంవత్సరమున, కొంత కూడబెట్టియు కొంత ఋణము చేసియు, 350 సీసీ బుల్లెట్టు కొనిరి. అత్తగారు కాపురమునకు వచ్చి అప్పటికి ఏడాదియే. దంపతులు దానిపై తొలిసారి పోయిన యూరు శ్రీకాకుళము. అటుపిమ్మట ముప్పదియెనిమిదేండ్లు బడికిని, పెండ్లిండ్లకును, ఆసుపత్రులకును ఆ బండియే. 2014లో మామగారు గతించిరి. బండిపై టార్పాలిను కప్పితిమి. అత్తగారును నాటినుండి గుమ్మము దాటుట యరుదయ్యెను. ఆమెను ఏ పనియు ముట్టనీయక, ఎచటికిని కదలనీయక, కూర్చున్నచోటికే అన్నియు నందించుచు, అదియే గౌరవమని మేము తలచితిమి.

మొన్నటి వేసవిలో పాత యినుము కొనువాడొకడు వచ్చి, బండిని తూకమున కడిగెను. మావారు సరేయనునంత పనిచేసిరి. అత్తగారు మాటాడలేదు. ఆ రాత్రి దాహమునకై లేచిన నేను సావిడిలో నామెను చూచితిని. టార్పాలిను అంచు పైకెత్తి, కొంగుతో టాంకీని తుడుచుచుండెను. అది తుడుచుట ఆ యొక్క రాత్రి కాదనియు, చాలనాళ్ల యలవాటనియు ఆ లోహపు మెఱుపే తెలిపెను. మఱునాడు మావారితో, "అమ్మకము మాట తరువాత. ముందు దానిని నడిపింతము" అంటిని.

మా యూరి మెకానిక్కు వృద్ధుడు, అందఱును సాయిబుగారందురు. ఆయన వచ్చులోపలనే మావారు ఉత్సాహముతో కాలు కిక్కుపై పెట్టిరి. "ఆగండి మాస్టారూ!" యని సాయిబుగారు గేటు కడనుండియే కేక వేసిరి. "నిలిచిపోయిన బండిని ముందుగా తన్నకూడదు. లోపల రింగులు పట్టేసి ఉంటే సిలిండరు గీసుకుపోతుంది." పిమ్మట బండి చుట్టును ఒకమారు తిరిగి, "నడిపి నడిపి అరిగిన బండిని బాగుచేయటం తేలిక. ఊరికే ఉంచి పాడైన దాన్ని బాగుచేయటమే కష్టం" అనిరి. ఆ మాట నాకు మనసున నాటుకొనెను.

ఊరకుండుటవలన ఎన్ని చెడునో అటుపైని నెలదినములు నేను కన్నులార చూచితిని. సైలెన్సరు గొట్టములో కందిరీగలు మట్టిగూడు కట్టెను. సీటు క్రింది వైర్లను ఎలుకలు కొఱికెను. టైర్లు చూపునకు గట్టివే గాని, ప్రక్కల సన్నని బీటలు వాఱెను. రబ్బరు నడువకున్నను ముదియును. టైరు ప్రక్కన అచ్చొత్తిన నాలుగంకెలలో మొదటి రెండును వారమును, తక్కిన రెండును సంవత్సరమును తెలుపును. సోదరీమణులు తమ యింటి బండ్లకు నేడే చూచుకొన వచ్చును.

సాయిబుగారు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున రెండు చెంచాల ఇంజిను నూనె పోసి, రెండు రాత్రు లట్లే విడిచిరి. మూడవనాడు బండిని స్టాండుపై నిలిపి, పై గేరులో నుంచి, వెనుకచక్రమును చేతితో మెల్లగా త్రిప్పగా, లోపల నెవరో మూలిగినట్లు చప్పుడై పిస్టను కదలెను. అదేపనిగా బలము చూపియున్నచో ఏమయ్యెడిదో! ఇంజినులోని పాత నూనెయు, గేరుపెట్టెలోనిదియు వార్చి క్రొత్తది పోసిరి.

టాంకీ పని నాది. అందలి పాత పెట్రోలు ఆవిరియైపోగా అడుగున బంక మిగిలెను. వాసన వార్నీషువలె నుండెను. గోడలకు తుప్పు. ఇత్తడిబిందెలు తోము మనకు చింతపండు గుణము నొకరు చెప్పవలెనా? టాంకీని బండినుండి విడదీసి, పెట్రోలు కుళాయి యూడదీసి, ఆ రంధ్రమునకు బిరడా పెట్టి, ఆరుబయట, పొయ్యికి దూరముగా నుంచి బంకను కడిగించితిమి. పిమ్మట కిలో పాత చింతపండు పులుసు తీసి వడగట్టి దానిలో పోసి, గుప్పెడు నట్లు వేసి, నేనును మా పిల్లవాడును గిలకరించి రాత్రి యుంచితిమి. తెల్లవాఱి వార్చగా పులుసు కాటుకవలె వచ్చెను. ఇట్లు మూడుమార్లు. కడపట వంటసోడా కలిపిన నీటితో తొలిచి, ఎండలో ఆరబెట్టి, వెంటనే నూనె కలిపిన పెట్రోలుతో లోపలంతయు తడిపితిమి. తడి నిలిచినచో ఒక్క పూటలో మరల తుప్పు పట్టును. సాయిబుగారు దీపము వేసి లోనికి చూచి, "నా షాపులో ఉద్యోగమిస్తానమ్మా" యని నవ్విరి.

కార్బురేటరులోని ఇత్తడి జెట్టు రంధ్రము వెండ్రుకవాసి. పాత పెట్రోలు బంక దానిని మూసివేసెను. దానిని ఇనుపసూదితో పొడువరాదట. రంధ్రము పెద్దదై లెక్క తప్పును. మెత్తని రాగితీగపోగుతో తెఱపించిరి. నిప్పురవ్వ పుట్టించు కాంటాక్టు పాయింట్లను గరుకు కాగితముతో నునుపు చేసి, వాని యెడమును మిల్లీమీటరులో మూడవవంతునకు కొంచె మెక్కువగా నిలిపిరి. అంటుకొనిపోయిన క్లచ్చి పలకలను విడదీసిరి. గట్టిపడిన గ్రీజును చక్రములనుండి తీసివేసిరి. బ్రేకుపట్టీలు, తీగలు, వైర్లు, బ్యాటరీ, టైర్లు క్రొత్తవి. పెట్రోలు గొట్టమును మార్చిరి. ఈనాటి పెట్రోలులో నూటికిరువది పాళ్లదాక ఎథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును. పాత రబ్బరునకు సరిపడదు. నెలల తరబడి టాంకీలో దానిని నిలువయుంచుటయు మంచిది కాదు. మొత్తము 22,000 రూపాయలైనవి.

ఇంజిను సిద్ధమైనంతమాత్రమున రోడ్డెక్కరాదు. బండి యింకను మామగారి పేరనే యుండెను. దానిని వారసుల పేర మార్పించి, పదునైదేండ్లు నిండినదానికి ఐదేసి యేండ్లకు చేయించు రిజిస్ట్రేషనును పునరుద్ధరించి, భీమాయు, పొగ పరీక్షా పత్రమును తీసికొంటిమి. కాగితములపై అత్తగారు సంతకము చేయుచు, మామగారి పేరు కొట్టివేసిన చోట కొంతతడవు వ్రేలుంచి, పిమ్మట మాటలేక కలము మావారి కిచ్చెను.

ఇక తొలి కిక్కు. మావారు తన్నిరి, పలుకలేదు. పదిమార్లు తన్నిరి, చెమటలు కాఱెను. సాయిబుగారు నోరు తెఱచునంతలో గుమ్మమునుండి అత్తగారి కంఠము వినవచ్చెను. "ముల్లు నడిమికి రానీ, నాయనా!" అందఱమును తిరిగి చూచితిమి. దీపముపైన ఆంపియరు మీటరని చిన్న గడియారమువంటిది కలదు. తాళము త్రిప్పి కిక్కును నెమ్మదిగా దించుచుండ, దాని ముల్లు నడిమికి వచ్చినప్పుడు పిస్టను శిఖరమునకు చేరినట్లు గుర్తు. "ఇప్పుడు ఎడమచేతి చిన్న పిడి నొక్కి, కాస్త దించు. పిడి వదులు. ఇప్పుడు తన్ను." మావారట్లే చేసిరి. తొలుత నొక తుమ్ము. పిదప నల్లని పొగ. పిదప డుగ్గు డుగ్గు మని ఆ పాత గుండె కొట్టుకొన నారంభించెను. అత్తగారు లోనికి పోయి తలుపు వేసికొనిరి. మేమెవ్వరమును పిలువలేదు.

వారము దినములు బడి మైదానములో మావారికి శిక్షణ. ఈనాటి బండ్లకు గేరు ఎడమకాలికిని బ్రేకు కుడికాలికిని ఉండును. ఈ బండికి అది తాఱుమాఱు. ఆపబోయి గేరు తన్నుచు, గేరు మార్చబోయి బ్రేకు త్రొక్కుచు ఆయన పడిన పాట్లు చూచి పిల్లలు విరగబడి నవ్విరి. అది చేయి కుదిరిన పిమ్మటనే అత్తగారిని శ్రీకాకుళమునకు రమ్మంటిమి. ఆమె వెంటనే కాదనలేదు. అదియే మాకు చాలు.

కార్తికమాసపు ఆదివారమున తెలతెలవాఱుచుండ బయలుదేఱితిమి. వారిరువురును బుల్లెట్టుపై, నేను పిల్లవానితో స్కూటరుపై, నలువురకును హెల్మెట్లు. వెనుకచక్రమునకు చీర చిక్కకుండ అమర్చు జాలిని నేనే బిగించి, ఆమె కుచ్చెళ్లు సరిచేసితిని. బందరు దారికి రెండువైపుల వరి పండి వంగియుండెను. నడుమ నడుమ చెఱకు, అరటి. అత్తగారు మొదట సీటు వెనుకకడ్డీని రెండుచేతుల పట్టుకొనిరి. పామర్రునకు ముందే ఒకచేయి కుమారుని భుజముపైకి చేరుట నేను వెనుకనుండి కంటిని.

పామర్రు చేరువలో బండి దగ్గ నారంభించెను. పెట్రోలు తక్కువైనదేమో యని పోయించితిమి, బాగుపడెను. అచట దక్షిణముగా మఱలి, సిద్ధేంద్రయోగి నాట్యమునకు నిలయమగు కూచిపూడి దాటితిమి. క్షేత్రయ్య తన పదములందెల్ల పేర్కొనిన గోపాలుని మువ్వకు చేరుసరికి బండి మరల దగ్గి పూర్తిగ నిలిచిపోయెను. మావారు ప్లగ్గు విప్పి చూచిరి. నిప్పు వచ్చుచునే యున్నది. టాంకీ నిండుగనే యున్నది. ఎండ హెచ్చుచుండెను. సాయిబుగారికి ఫోను చేసిన ఎత్తలేదు. ఆమెను తీసికొనివచ్చి నడిదారిని నిలిపితినే యని నాకు కంట నీరు తిరిగెను.

అత్తగారు చెట్టునీడనుండి లేచివచ్చి, "అమ్మాయ్, ఆ మూత తిప్పు" అనిరి. త్రిప్పితిని. సుఁయ్ మని గాలి లోనికి పోయెను. "పామర్రులో పెట్రోలు పోసినందుకు బాగుపడలేదే. మూత తీసినందుకు బాగుపడింది. మీ మామగారికీ ఒకసారి ఇలాగే అయింది." తప్పు నాది. మూత కాఱకుండ నుండవలెనని నేను క్రొత్త రబ్బరు పట్టీ కోసి పెట్టితిని. అది గాలి పోవు సన్నని రంధ్రమును మూసివేసెను. గాలి పోనిచో పెట్రోలు దిగదు. నూనెడబ్బాకు రెండు రంధ్రములు పొడుచు నాకే యా సంగతి తోచలేదు! అత్తగారు జాకెట్టునుండి పిన్నీసు తీసి, రబ్బరున రంధ్రము పొడిచి యిచ్చిరి. తొలి తాపునకే బండి పలికెను.

ఘంటసాలలో కొంతసేపు నిలిచితిమి. గ్రీకు భూగోళవేత్త టాలెమీ వ్రాసిన కంటకోస్సిల యిదియే యని పండితుల మతము. బౌద్ధస్తూపము తవ్వకములలో బయల్పడిన చోటు. జలధీశ్వరాలయమున శివపార్వతు లొకే పీఠముపై నున్నారు. అత్తగారచట ఎక్కువసేపు నిలిచిరి.

శ్రీకాకుళము చేరితిమి. రాయల కలకు చోటైన ఆ మండపమున కాలిడగానే, తాతగారి కంఠమున విన్న పీఠిక నాకు తనంతట నోటికి వచ్చెను. పదునైదేండ్లుగా పలుకని పద్యములు. రెండుచోట్ల తడబడితిని గాని పోలేదు. కాసుల పురుషోత్తమ కవి ఈ స్వామినే ఆంధ్రనాయక శతకమున నిందాస్తుతితో దెప్పెను. కొలువు సాగక ఆలయము చీకిపోవుచున్న దినములలో, దేవుని తట్టిలేపుటకే యట్లు పలికెనని ప్రతీతి.

దర్శనమైన పిమ్మట అత్తగారొక స్తంభమున కానుకొని కూర్చుండి, "ఆ రోజు ఆయన బండి తాళం ఇక్కడే ఎక్కడో పారేశారు. రెండు గంటలు వెతికాం. చివరికి నా పూలబుట్టలో ఉంది" యని చెప్పి, చెప్పుచునే నవ్విరి. ఆ కథ మావారును ఎన్నడు వినలేదు. పదునొకండేండ్లలో ఆమెను మే మేదియు నడుగలేదు గనుక ఆమె చెప్పలేదు.

పోను రాను సుమారు నూఱు కిలోమీటర్లు. ఇప్పుడు బండి ప్రతి యాదివారమును బయలుదేఱును. ఏ యూరికని నిర్ణయించునది అత్తగారు. బజారుపని యామె తిరిగి తన చేతికి తీసికొనెను. మేమడ్డుపడుట మానితిమి. సోదరీమణుల యిండ్లలోను మూల నిలిచిన వస్తువులుండును, మూల కూర్చుండబెట్టిన పెద్దలుందురు. బలవంతముగా కుదుపవలదు, రెండు చుక్కల నూనె పోసి, రెండు రాత్రులు ఓపికపట్టి, మెల్లగా త్రిప్పి చూడుడు.

బండిపై నుండిన టార్పాలిను ఉతికితిమి. ఇప్పుడది మేడపైన చింతపండు ఎండబెట్టుటకు పనికివచ్చుచున్నది.