పందిరి వేసినవాడి పూచీ

జంషెడ్‌పూర్ నగరంలో గోల్‌మురి అనగానే పాతకాలపువారికి గుర్తుకు వచ్చేది తగరపు పూత రేకుల కర్మాగారం. 1920లో స్థాపితమై, 1922లో ఉత్పత్తి ప్రారంభించి, 2024లో టాటా స్టీలులో విలీనమయ్యే వరకు టిన్‌ప్లేట్ కంపెనీ ఆ పేటకు అన్నం పెట్టిన సంస్థ. ఇటువంటి కర్మాగారాలను నమ్ముకొని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరతరాలుగా తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో అనేకం. వలస వచ్చినవారికి సొంత ఊరి మీద బెంగ పండుగలలోనూ పెళ్లిళ్లలోనూ తీరుతుంది. పండుగైనా పెళ్లైనా మొదట కావలసింది పందిరి. తాటాకు దొరకని ఊళ్లో షామియానాయే పందిరి. ఇక్కడివారు ‘లగన్’ అని పిలిచే ముహూర్తాల రోజులలో టెంట్ హౌస్ యజమానికి నిద్ర ఉండదు.

అటువంటి యజమాని ఒకాయన, టెక్కలి వైపు నుంచి వచ్చిన కుటుంబంలోనివాడు, రెండు షామియానాలతోనూ యాభై కుర్చీలతోనూ వ్యాపారం మొదలుపెట్టాడు. కొడుకు చేతికి అందివచ్చాక దీపాల తోరణాలు చేరాయి. తరువాత జనరేటరు, ఆ తరువాత గ్యాసు పొయ్యిలూ గుండిగలూ వంటవాళ్లూ చేరారు. బీమా పాలసీ మాత్రం కుర్చీల కాలంలో తీసుకున్నదే. ఏటేటా ప్రీమియం కట్టడం, కొత్త కాగితం రావడం, అది ఇనప్పెట్టెలో పాతదాని మీద చేరడం—అంతవరకే. ఒక వేడుక నిర్వాహకులు, “మీ పబ్లిక్ లయబిలిటీ పాలసీ నకలు ఇవ్వండి, అప్పుడే మైదానంలో గుంజ పాతండి” అని పట్టుబట్టడంతో ఆ కాగితం వెలుగు చూసింది. బి.కాం. చదివిన కోడలు దాన్ని ముందు వేసుకొని కూర్చుంది.

వ్యాపారం వల్ల పరాయివారికి ప్రాణహానిగాని గాయంగాని ఆస్తినష్టంగాని కలిగి, చట్టం దృష్టిలో అందుకు యజమానే బాధ్యుడని తేలితే, అతడు చెల్లించవలసిన పరిహారాన్ని అతని తరఫున బీమా సంస్థ చెల్లించడమే ఈ పాలసీ సారాంశం. తెలుగులో ఇందుకు ఒక చక్కని మాట ఉంది: పూచీ. అప్పు తీసుకున్నవాడికి పూచీ పడటం మన పల్లెలలో అందరికీ తెలుసు. ఇక్కడ పూచీ పడేది కంపెనీ. అయితే ఎవరికి, ఏ పనికి, ఏ చోట, ఎంతవరకు అనేది పాలసీలోని మొదటి పుట చెబుతుంది. తక్కిన పుటలన్నీ అచ్చు వేసి ఉంచిన సాధారణ షరతులు. ఆ ఒక్క పుటే ఆ మనిషిది.

అమెరికాలో ఆ పుటను ‘డిక్లరేషన్స్’ అంటారు. మన దేశంలో షెడ్యూలు అంటారు. మనకు డిక్లరేషన్ వేరే చోట ఉంటుంది. ప్రపోజల్ ఫారం చివర, “పైన పేర్కొన్నవన్నీ సత్యం, దాచినదేమీ లేదు” అంటూ సంతకానికి పైన కనిపించే వాక్యం అది. అక్కడ ప్రకటించేది కంపెనీ. ఇక్కడ ప్రకటించేది మనిషి. ఒకే మాట రెండు నోళ్ల నుంచి వెలువడటం వింతగా తోచవచ్చు గాని, ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. మనిషి చెప్పినదే షెడ్యూలులోకి ఎక్కుతుంది, షెడ్యూలులో ఉన్నదానికే కంపెనీ పూచీ పడుతుంది. ఫారంలో జారిపోయిన మాట పాలసీలో ఎక్కడా దొరకదు.

కోడలి వేలు మొదట వ్యాపార వివరణ దగ్గర ఆగింది. “కుర్చీలు, షామియానాలు అద్దెకు ఇచ్చుట” అని ఉంది. దీపాలు లేవు, జనరేటరు లేదు, వంట లేదు. తరువాతి గడిలో వార్షిక టర్నోవరు. అది ఎప్పటిదో చిన్న అంకె. ప్రీమియం లెక్కకు టర్నోవరు కూడా ఆధారం కనుక దాన్ని తగ్గించి చూపడం చాలామందికి తెలివైన పనిగా కనిపిస్తుంది. ఆ తెలివికి మూల్యం క్లెయిము నాడు తెలుస్తుంది. ఆ పై గడి చూసి ఆమె, “మామయ్య గారూ, ఇందులో మన గోడౌను చిరునామా ఒక్కటే ఉందండీ” అంది.

“ఉండదా మరి? మన షాపు అక్కడే కదమ్మా!”

“ప్రమాదం ఆ చిరునామాలో జరిగితేనే కంపెనీ ఇస్తుందట.”

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. పందిళ్లు పడేది సాక్చీలో, కద్మాలో, టెల్కోలో, నదికి అవతల ఊళ్లలో. గోడౌనులో అతిథులెవరూ భోజనానికి కూర్చోరు. ఇన్నేళ్లుగా ఆయన బీమా చేయించింది మడతపెట్టిన షామియానాలు నిద్రపోయే చోటికి.

ఆయనను ఆ మౌనంలోకి నెట్టింది షెడ్యూలు ఒక్కటే కాదు. జంషెడ్‌పూర్‌లో పందిరి వేసే ఎవరూ మరచిపోలేని తేదీ ఒకటి ఉంది: 1989 మార్చి 3. జంషెట్‌జీ టాటా 150వ జయంతి సందర్భంగా ఉక్కు కర్మాగారం ఆవరణలో ఉత్సవం జరుగుతుండగా, అతిథులు కూర్చున్న పందిరి అంటుకొంది. అరవై మంది మరణించారు; వందమందికి పైగా గాయపడ్డారు. మృతులలో ఎక్కువమంది స్త్రీలూ పిల్లలూ. పిల్లలనూ కన్నవారినీ కోల్పోయిన ఒక తల్లి సుప్రీం కోర్టు మెట్లు ఎక్కింది. పరిహారం లెక్క కట్టే బాధ్యతను న్యాయస్థానం మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌కు అప్పగించింది. ఆయన నివేదికను పరిశీలించి, మొత్తాలను పెంచుతూ తుది తీర్పు చెప్పింది 2001 ఆగస్టులో. అంటే దుర్ఘటన జరిగిన పన్నెండేళ్లకు పైన.

ఆ తీర్పు ఇప్పటికీ న్యాయస్థానాలలో వినిపిస్తూనే ఉంటుంది. ఇంటి పనికి జీతం లేదు కనుక ఇల్లాలి ప్రాణానికి విలువ కట్టడం కష్టమనే వాదాన్ని కోర్టు అంగీకరించలేదు. 34 నుంచి 59 ఏళ్ల మధ్య గృహిణి సేవల విలువ నెలకు 3,000 రూపాయలకు తగ్గదని నిర్ణయించింది. పది నుంచి పదిహేనేళ్ల పిల్లల విషయంలో కుటుంబానికి ఏటా 24,000 రూపాయల నష్టమని అంచనా కట్టి, దాన్ని పదిహేనుతో గుణించి, మరో 50,000 కలిపింది. ఒక్కొక్కరికి 4,10,000 రూపాయలు. ప్రాణాన్ని గుణకారంతో తూచడం ఎవరికీ రుచించదు. అయినా న్యాయస్థానానికి మరో త్రాసు లేదు.

కోడలు ఈ లెక్కను షెడ్యూలు పక్కన పెట్టింది. పాలసీలో పరిమితి రెండు విధాలుగా రాసి ఉంది: ఒక్క ప్రమాదానికి పది లక్షలు, ఏడాది మొత్తానికీ పది లక్షలే. 1989 నాటి ప్రమాదానికి 2001లో కట్టిన ధర ప్రకారమే చూసినా, ముగ్గురు పిల్లలకు 12,30,000 అవుతుంది. పరిమితి దాటిన రూపాయి ప్రతిదీ యజమాని ఇంటి మీదకు, ఆయన కుమారుని షాపు మీదకు వస్తుంది. పైగా మన దేశంలో సాధారణంగా వాడే ఈ తరహా పాలసీలలో వకీలు ఖర్చులు కూడా ఆ పరిమితిలోపలే. కేసు ఎంత కాలం సాగితే బాధితునికి మిగిలేది అంత తరుగుతుంది. మాఘంలో ఒక ప్రమాదానికి పది లక్షలూ ఖర్చయిపోతే, అదే పాలసీ ఏడాదిలో వైశాఖంలో జరిగే రెండో ప్రమాదానికి ఆ పాలసీ ఉత్త కాగితం. అందుకే ప్రమాదానికి ఎంత, ఏడాదికి ఎంత అనే నిష్పత్తిని ఒకటికి రెండుగానో మూడుగానో నాలుగుగానో ఎంచుకొనే వీలుంది. ఆ వీలు సంగతి ఏజెంటు అడగనిదే చెప్పడు.

ఆ కిందనే ‘ఎక్సెస్’ అనే గడి. ఇంగ్లీషులో అధికమని అర్థం వచ్చే ఈ మాటకు పాలసీలో అర్థం వేరు. ప్రతి క్లెయిములోనూ మొదటి కొంత సొమ్ము యజమానే భరించాలి. ఇంకో గడిలో ‘రెట్రోయాక్టివ్ డేట్’ ఉంది. ఈ పాలసీలలో ప్రమాదం జరిగిన తేదీతో పాటు, బాధితులు పరిహారం కోరిన తేదీ కూడా ముఖ్యమే. ఏటా విడవకుండా పునరుద్ధరిస్తూ వస్తే ఆ పాత తేదీ నిలుస్తుంది. ఒక్క ఏడాది మానితే, వెనుకటి ప్రమాదాల మీద కొత్తగా వచ్చే క్లెయిములకు గొడుగు ఉండదు. ఇక గుంజలెక్కే కూలీలు ‘పరాయివారు’ కారు. వారికి ఈ పాలసీలో చోటు లేదు, వేరే పాలసీ కావాలి.

చట్టమే పరిమితి నిర్ణయించినప్పుడు ఏమవుతుందో కూడా దేశం చూసింది. 1984 భోపాల్ విషాదం తరువాత, 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే సంస్థలకు బీమా తప్పనిసరి చేసి, తప్పెవరిదని విచారించకుండానే తక్షణ సాయం అందించాలన్నది దాని సంకల్పం. మరణానికి ఆ చట్టం మొదట ఖరారు చేసిన సొమ్ము 25,000 రూపాయలు. అంతకు మించి కోర్టులో కోరుకొనే హక్కును అది తీసివేయలేదు గాని, చట్టంలోకి ఎక్కిన అంకె దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. ఇటీవలి సవరణలతో గాని పెరగలేదు. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది కోటి రూపాయల చొప్పున. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఏ షెడ్యూలూ చూపించదు.

ఫారంలో నిజం చెప్పని వ్యాపారిదే తప్పంతా అనడం బీమావారికి అలవాటు. అందుకు వారు తరచు ఉదహరించేది 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ చెప్పిన తీర్పు. సుమత్రా దీవిలోని ఒక కోట శత్రువుల చేజిక్కితే నష్టం భర్తీ చేయాలన్నది అప్పటి పాలసీ. బీమా ఒప్పందానికి పరమ విశ్వాసం పునాది అన్న సూత్రం ఆ తీర్పు నుంచే వేళ్లూనింది. విచిత్రమేమంటే, ఆ కేసులో గెలిచింది బీమా చేయించుకున్నవాడే! విచారిస్తే తెలిసే సంగతిని విచారించకుండా ప్రీమియం పుచ్చుకొని, తరువాత దాచావని అనడం కుదరదని మాన్స్‌ఫీల్డ్ భావం. మన సుప్రీం కోర్టు కూడా 1996లో, సంగతులు వెల్లడించే బాధ్యత బీమా సంస్థకూ దాని ఏజెంట్లకూ అంతే ఉందని చెప్పింది. పదకొండేళ్లుగా ఆ షాపు ముందు జనరేటరు చూస్తూ టీ తాగి వెళ్లే ఏజెంటుకు ఆ మాట ఎవరైనా వినిపించవలసింది.

ఆయన వచ్చాడు. దీపాలు, జనరేటరు, వంట కలపమన్నారు. నగరంలోనూ బయటా పందిరి వేసే ప్రతి స్థలాన్నీ చేర్చమన్నారు. ప్రమాదానికి యాభై లక్షలు, ఏడాదికి కోటి అన్నారు. “ప్రీమియం పెరుగుతుంది” అని ఆయన హిందీలో రెండుసార్లు హెచ్చరించాడు. పెద్దాయన తల ఊపి, ఇంగ్లీషు ఫారం కింద తెలుగులో సంతకం చేశాడు. ఫారంలోని సంగతులను అభ్యర్థికి అర్థమయ్యేలా వివరించామని ధ్రువీకరించే వాక్యం కింద ఇంకో గడి ఖాళీగా ఉంది. అలవాటు కొద్దీ ఏజెంటు అక్కడ కలం పెట్టబోయాడు. కోడలు ఫారాన్ని తన వైపు తిప్పుకొని, మామగారికి మొదటి ప్రశ్న నుంచి తెలుగులో చదివి వినిపించడం మొదలుపెట్టింది.