కొనాలా? ఆగాలా?

మా ఇల్లు విశాఖపట్నంలోని ఉక్కునగరంలో ఉన్నది. మా ఇంట్లో పదేళ్లనాటి కంప్యూటరు ఒకటి ఉన్నది. అది మేలుకోవటానికి అయిదు నిమిషాలు పట్టేది.

"తాతయ్యా, కొత్తది కొందాం!" అని నా మనవరాలు పోరు పెట్టింది. దాని పైచదువుకని దాచిన డబ్బు తప్ప నా దగ్గర వేరే డబ్బు లేదు.

"వచ్చే ఏడు ఇంకా మంచివి వస్తాయట, ఆగుదాం," అన్నాను.

"పై ఏడూ ఇదే మాట అంటావు!" అన్నది మనవరాలు.

నిజమే! చిప్పులో పట్టే ట్రాన్సిస్టర్లు సుమారు రెండేళ్లకొకసారి రెట్టింపవుతాయని గోర్డన్ మూర్ 1975లో అంచనా వేశాడు. ఇంకా మంచిదాని కోసం ఆగేవాడు ఎన్నటికీ కొనలేడు.

అప్పుడు నాకు మా ఉక్కు కర్మాగారంలోని "గోదావరి" జ్ఞాపకం వచ్చింది. అది నది కాదు. ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసు. దాన్ని 1990లో వెలిగించారు. అటువంటి కొలిమిలో లోపలి ఇటుకలు అరిగిపోతే, కొలిమిని పారవేయరు. చల్లార్చి, ఇటుకలు మార్చి, మళ్లీ వెలిగిస్తారు.

మేమూ పెట్టె విప్పాము. ఆలస్యమంతా గిరగిర తిరిగే పాత హార్డు డిస్కుది. తిరిగే భాగాలే లేని ఎస్.ఎస్.డి. బిగించాము. విండోస్ 10కి మామూలు రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది గనక, లినక్సు ఎక్కించాము. ఇప్పుడది అర నిమిషంలో లేస్తున్నది. చదువు డబ్బు భద్రంగా ఉన్నది.

మీ కంప్యూటరు మందగించిందా? ముందు అరిగిన ఇటుక ఏదో వెతకండి. కొలిమే పగిలితే మాత్రం, ఆగకుండా కొనండి!