చుంచు ఎవరి చుట్టం?

మా క్వార్టర్ వంటింటి తూములోంచి రాత్రి ఎనిమిది దాటాక ఒక ప్రాణి బయటికి వస్తుంది. గదికి అడ్డంగా ఎప్పుడూ పరిగెత్తదు, గోడవారగానే పోతుంది. పొడుగాటి మూతి, ఆవగింజల్లాంటి కళ్ళు. అది వెళ్ళిపోయాక కూడా ఘాటైన వాసన కాసేపు అక్కడే ఉంటుంది. పక్క క్వార్టర్ ఆంటీ ఒకరోజు దాన్ని చూసి, ఎలుకల మందు పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. అప్పుడు మా అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. "ఎలుక కాదమ్మా అది, చుంచు. బియ్యం జోలికి రాదు. బొద్దింకల్ని తింటుంది, ఉండనీ" అంది. పొట్లం అటక ఎక్కింది.

కొన్ని ఊళ్ళలో చిన్న ఇంటి ఎలుకనే చుంచెలుక అంటారు కాబట్టి ఈ మాటతో గందరగోళం మామూలే. కానీ ప్రాణి విషయంలో అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఎలుకకు ముందు వైపు ఉలిలాంటి పళ్ళు ఉంటాయి. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అది ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుంది. చుంచుకు అలాంటివి లేవు. దాని నోటి నిండా వరుసగా సన్నని, మొనదేలిన పళ్ళు. పురుగు పెంకును పగలగొట్టడానికి అవి పనికొస్తాయి గానీ, తలుపు కొరకడానికి కాదు. అయినా 1766లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరులో 'మ్యురైనస్' అనే మాట ఉంది. ఎలుకలాంటిది అని దాని అర్థం. శాస్త్రీయనామం సుంకస్ మ్యురైనస్ అని ఇప్పటికీ అలాగే ఉంది.

ఎలుక కాకపోతే మరి ఇది ఎవరి చుట్టం? నేను పదకొండో తరగతిలో బయాలజీ తీసుకున్నాను. వర్గీకరణ పాఠం అందరికీ విసుగు. నాకు మాత్రం ఈ ప్రశ్న వల్ల అది కథలా మారింది.

1758లో లిన్నేయస్ చుంచు జాతిని, ముళ్ళు కప్పుకున్న హెడ్జ్‌హాగ్‌ని, నేలలో సొరంగాలు తవ్వే మోల్‌ని ఒక గుంపులో వేశాడు. అదే గుంపులో పంది, ఆర్మడిల్లో, అపోసమ్ కూడా ఉన్నాయి! తర్వాత 1817లో ఫ్రాన్స్‌లో కువియే వీటిలో చిన్నవాటిని విడదీసి, కీటకాలు తినేవి అని వేరే పేరు పెట్టాడు. అదే ముందుముందు ఇన్‌సెక్టివోరా అనే క్రమం అయింది. పేరు చక్కగానే ఉంది. కానీ ఆలోచించండి, ఏం తింటుందన్నదాన్ని బట్టి చుట్టరికం తేల్చవచ్చా? ఇడ్లీ తినేవాళ్ళందరూ ఒకే కుటుంబం అన్నట్టు ఉంటుంది. దాంతో ఎక్కడా ఇమడని చిన్న జంతువులన్నీ ఈ బుట్టలోకి చేరిపోయాయి. ఆఫ్రికా ఎలిఫెంట్ ష్రూలు, గోల్డెన్ మోల్‌లు, మడగాస్కర్ టెన్‌రెక్‌లు, ఆసియా ట్రీ ష్రూలు, అన్నీ.

ఈ బుట్టను నేను ఎరుగుదును. నాన్నగారి బదిలీల వల్ల నేను ఖరగ్‌పూర్, నాగపూర్, భోపాల్ మూడుచోట్లా చదివాను. ప్రతిచోటా దరఖాస్తులో మాతృభాష అని ఒక గడి. నాలుగైదు భాషల పేర్లు ముందే అచ్చువేసి ఉంటాయి, చివర 'ఇతరములు'. నా టిక్ ఎప్పుడూ ఆ చివరి గడిలోనే. ఒక బడిలో నేను, ఒక మలయాళీ అమ్మాయి, ఒక కన్నడ అబ్బాయి, ముగ్గురం 'మద్రాసీ'లమే. మా ముగ్గురిలో ఎవరూ మద్రాసు చూడలేదు, ఒకరి భాష ఇంకొకరికి రాదు. సెలవులకు అనకాపల్లి దగ్గర మా ఊరు వెళితే అక్కడి పిల్లలు నన్ను 'హిందీ పిల్ల' అంటారు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు బోలెడుమంది, తరాల నుంచి ఉంటున్నారు. అక్కడ ఒక మామ్మగారు నా మాట విని, "నీది మా తెలుగు కాదే" అని నవ్వేశారు. మా బడిలో తెలుగు చెప్పేవాళ్ళు లేరు. నాకు అక్షరాలు నేర్పింది అమ్మే. ఈ వ్యాసంలో ఒత్తులు దిద్దిందీ అమ్మే.

మళ్ళీ బుట్ట దగ్గరికి వద్దాం. 1866లో జర్మనీలో హెకెల్ లోపలికి చూశాడు, నిజంగానే కడుపులోకి! చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే సంచిని అంధనాళం అంటారు. అది ట్రీ ష్రూలకు, ఎలిఫెంట్ ష్రూలకు ఉంది. చుంచుకు, హెడ్జ్‌హాగ్‌కు, మోల్‌కు లేదు. అలా బుట్టలో గీత పడింది. ఇక ట్రీ ష్రూల సంగతి. 1945లో అమెరికా శాస్త్రవేత్త సింప్సన్ వాటిని ఏకంగా మనమూ కోతులమూ ఉన్న ప్రైమేట్ల వరుసలో కూర్చోబెట్టాడు. కొన్నాళ్ళకు అక్కణ్ణుంచీ లేపేశారు. ఇప్పుడు వాటికంటూ వేరే క్రమం ఉంది. వాటి బదిలీల లెక్క చూస్తే నావి తక్కువే అనిపిస్తుంది.

ఈ ట్రీ ష్రూలలో ఒకటి మనదే. చూడటానికి ఉడుతలా ఉంటుంది, మన తూర్పు కనుమల్లోనూ ఉంది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన వాల్టర్ ఎలియట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వకాలు జరిపించిన ఎలియట్ ఆయనే. ఆ శిల్పాలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి, అది వేరే బాధ. శాస్త్రీయనామంలో మొదటి మాట 'అనథానా' తమిళం నుంచి వచ్చింది. అక్కడ దాన్ని వెదురు ఉడుత అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారట. ఇంగ్లీషులో మాత్రం అది 'మద్రాస్ ట్రీ ష్రూ'. అది మధ్యప్రదేశ్‌లో సాత్పురా కొండల్లో కూడా ఉంటుంది, అక్కడా దాని పేరు మద్రాసే! పైగా అది ష్రూ కూడా కాదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. మా క్లాసులో చదివి వినిపించాను కూడా.

అసలు తేలిక 1990ల చివర జరిగింది, డీఎన్‌ఏ పోల్చడం వచ్చాక. గోల్డెన్ మోల్, టెన్‌రెక్, ఎలిఫెంట్ ష్రూ ఈ మూడూ చుంచుకు చుట్టాలే కావు. వాటి బంధువులు ఏనుగు, సముద్రంలో ఉండే మానటీ, చీమల్ని తినే ఆర్డ్‌వార్క్. 1998లో ఈ ఆఫ్రికా కుటుంబానికి ఆఫ్రోథీరియా అని పేరు పెట్టారు. ఎలిఫెంట్ ష్రూకు ఆ పేరు వచ్చింది తొండంలాంటి ముక్కును చూసి మాత్రమే. తీరా చూస్తే అది నిజంగానే ఏనుగు వైపు బంధువు! గోల్డెన్ మోల్ మరీ వింత. కళ్ళు చర్మం కింద మూసుకుపోయి, తవ్వుడు గోళ్ళతో అచ్చం మోల్‌లాగే ఉంటుంది. మట్టిలో ఒకే రకం బతుకు బతికితే ఒళ్ళు కూడా ఒకేలా తయారవుతుంది. పుట్టుక మాత్రం వేరు.

పాత బుట్టలో చివరికి మిగిలినవి చుంచులు, మోల్‌లు, హెడ్జ్‌హాగ్‌లు, క్యూబా వైపు దీవుల్లో ఉండే సోలెనోడాన్‌లు. వీటికి దగ్గరివాళ్ళు గబ్బిలం, కుక్క, ఆవు, తిమింగలం ఉన్న పెద్ద శాఖ. ఎలుక ఆ శాఖలో లేదు. అది కోతులు, ట్రీ ష్రూలు, మనుషులు ఉన్న శాఖలో ఉంది. అంటే ఎలుక చుంచుకన్నా మనకే దగ్గర చుట్టం. ఈ మాట పక్కింటి ఆంటీకి చెబితే ఆవిడ ముందు నమ్మలేదు, తర్వాత, "పోనీ, మీ ఇంటి చుట్టాన్ని మీరే చూసుకోండి" అన్నారు.

చుంచు కూడా బాగా ఊళ్ళు తిరిగిన ప్రాణే. ఓడల్లో సరుకుల మధ్య దాక్కుని మారిషస్, మడగాస్కర్ చేరింది, 1953లో పసిఫిక్‌లోని గువామ్ దీవిలో కనబడింది. దానికి ప్రయాణం పడదు, పాపం. ఎలుకకు వాంతి చేసుకునే శక్తే లేదు. చుంచును మాత్రం అటూ ఇటూ ఊపితే వాంతి చేసుకుంటుంది. అందుకే ప్రయాణంలో కడుపు తిప్పడం గురించి జపాన్‌లో శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధనలు చేశారు. బస్సెక్కితే నిమ్మకాయ పట్టుకు కూర్చునే మా తమ్ముడు ఇది విని చుంచు పార్టీలో చేరిపోయాడు. పిల్లల్ని వేరేచోటికి మార్చేటప్పుడు చుంచు తల్లి ముందు నడుస్తుంది. ఒక పిల్ల తల్లి తోక మొదట్లో నోటితో పట్టుకుంటుంది, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. రైలు పెట్టెల్లా వరుసగా పోతాయి. స్టేషన్‌లో మా ఇంటి సామాను, మేము అలాగే ఉంటాం.

పోయిన వారం నాన్నగారికి మళ్ళీ బదిలీ ఉత్తర్వు వచ్చింది, న్యూ జల్‌పాయ్‌గురికి. అమ్మ అట్టపెట్టెలు వెతుకుతోంది. అక్కణ్ణుంచి డార్జిలింగ్ కొండలు దగ్గరే, ఆ కొండల్లో అసలైన మోల్ ఉంది. దక్షిణాదిలో మోల్‌లు లేవు, కాబట్టి అమ్మమ్మకు కూడా దాని పేరు తెలియదు. అక్కడివాళ్ళు దాన్ని ఏమంటారో వెళ్ళగానే అడగాలి. అమ్మమ్మకు ఫోన్ చేసి చెబుతానని మాటిచ్చాను.